గోడ బయట నిలబడ్డవాడు

ఈ వారం బెజవాడ సింగ్‌నగర్ వైపు ఒక మైదానంలో మూడు రాత్రులు ఉజ్జీవ సభలు జరిగాయి. చివరి రాత్రి వాక్యం ముగిశాక, ప్రభువును అంగీకరించినవాళ్లు చేతులెత్తాలన్నారు. వాలంటీర్లు వరసల్లో తిరిగి కార్డులిచ్చి పేర్లు రాసుకున్నారు. తెల్లారేసరికి ఎంతమంది రక్షణ పొందారో అంకెతో సహా వాట్సాప్‌లో పోస్టరు వచ్చేసింది. అది చూసి ఈ కాలమిస్టుకు ఒళ్లు మండింది.

పాత పాఠకులకు ఆ మంట కొత్త కాదు. వాక్యం ఎదురెదురుగా కూర్చుని చెప్పాలని, విన్నవాడికి అడ్డు ప్రశ్న వేసే వీలుండాలని, మైకుతో అది కుదరదని ఇక్కడ ఎన్నోసార్లు రాసిందే. మారుమనస్సు చెయ్యెత్తినప్పుడు మొదలైతే కావచ్చు. అది నిజమో కాదో తెలిసేది మాత్రం ఇంట్లోవాళ్లకి, పక్కింటివాళ్లకి, అప్పిచ్చినవాళ్లకి. అందుకు ఏళ్లు పడుతుంది.

అంకెలు వేసుకున్నవాళ్ల అంచనాలు ఈ కృష్ణా డెల్టాలో ఒకసారి తలకిందులయ్యాయి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ చర్చి మిషనరీ సొసైటీ తరఫున బందరులో అడుగుపెట్టారు. ఊళ్లు తిరిగి ప్రకటించిన ఫాక్స్ ఆరోగ్యం చెడి, 1848లో ఇంగ్లండులో చనిపోయాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. అగ్రవర్ణాల పిల్లలు మారితే మిగతావాళ్లు వెనకే వస్తారని ఆయన నమ్మకం. 1852లో అయినాల భూషణం, మంచాల రత్నం అనే విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి ఖాళీ. అయినా నోబుల్ కదల్లేదు. స్వదేశం ముఖం మళ్లీ చూడకుండా 1865లో బందరులోనే కన్నుమూశాడు. నోబుల్ కాలేజీ పేరు ఆయనదే.

కదలిక వచ్చింది ఆయన చూడని వైపు నుంచి. రాఘవాపురం మాలపల్లెలో పగోలు వెంకయ్య అనే మనిషి, అసలు దేవుడెవరో తనకు కనబడమని ఏళ్ల తరబడి ప్రార్థిస్తూ ఉండేవాడు. ఆయన దగ్గరికి ఏ బోధకుడూ వెళ్లలేదు. స్నానాల పండక్కి బెజవాడ వచ్చి కృష్ణ ఒడ్డున ఒక బ్రాహ్మణుణ్ని అడిగితే, ఆయనే మిషనరీ డార్లింగ్ ఉండే చోటు చెప్పాడని సంఘాల్లో చెప్పుకుంటారు. 1859లో డార్లింగ్ ఆయనకు బాప్తిస్మమిచ్చాడు. ఆ తర్వాత వెంకయ్య తనవాళ్ల మధ్య తిరిగి చెప్పాడు. ఈ చుట్టుపక్కల పల్లెల్లోకి ఆంగ్లికన్ సంఘం పాకింది ఎక్కువగా ఆ దారినే.

అడిగేవాడొకడు, జవాబు చెప్పేవాడొకడు ఉంటే చాలు, మైకెందుకు అని ఈ వారం కాలమ్ ముగిసిపోవలసింది. గురువారం ఎక్కిన ఆటో దాన్ని ముగియనివ్వలేదు.

డ్రైవరుకు నలభై ఏళ్లుంటాయి. అద్దం పక్కన చిన్న సిలువ వేలాడుతోంది. సభల మాటెత్తితే, “మూడు రోజులూ గోడ బయటే నిలబడి విన్నా సార్. లోపలికెళ్తే కార్డిచ్చి పేరు రాయమంటారు. నాకింకా అడగాల్సింది ఉంది” అన్నాడు.

ఏమిటది?

“తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే పండగ చేశారు, బాగుంది. ఇంటిదగ్గరే ఉండి చాకిరీ చేసిన పెద్దకొడుకు చివరికి లోపలికెళ్లాడా, లేదా? మా తమ్ముడు అంతా తగలేసుకుని వస్తే మా అమ్మ కోడి కోసింది సార్. అమ్మ మందులు చూసేది నేను.”

బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. పెద్దకొడుకు వెళ్లాడో లేదో లూకా పదిహేనో అధ్యాయం చెప్పదు, అక్కడే ఆగిపోతుంది. తండ్రి బయటికొచ్చి అతణ్ని బతిమాలాడని మాత్రం చెబుతుంది. ఆ మాటే చెప్తే అతను, “అవును, తండ్రి బయటికొచ్చాడు” అని తనలో తను అనుకుని బండి ముందుకు పోనిచ్చాడు.

గోడ దాటి అతని దాకా వాక్యాన్ని తెచ్చింది ఆ మైకే. పేరు చెప్పకుండా, ఎవరికంటా పడకుండా వినే చోటు అతనికి మైకు వల్లే దొరికింది. వెంకయ్యకైనా, ఫలానా చోట చెప్పేవాళ్లున్నారని ఊరందరికీ తెలియబట్టే కదా దారి దొరికింది! మైకు మీద ఇన్నాళ్లూ రాసిన దాంట్లో సగం తప్పని ఈ కాలమిస్టు ఒప్పుకుంటున్నాడు. అంకెల పోస్టరు మీద కోపం మాత్రం అలాగే ఉంది.

సభలు పెట్టే అయ్యగార్లకు ఒక్క మనవి. వాక్యం ముగిశాక వెంటనే కారెక్కకండి. గేటు బయట, గోడ పక్కన ఒక కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చోండి.