దిద్దుబాటుకు లొంగని గొంతు: టి-పెయిన్ తొలి ఆల్బమ్ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ర్యాప్ ప్రధానంగా పలుకుబడి కళ. లయకు కట్టుబడిన మాట, అంత్యప్రాస, ఆత్మశ్లాఘ దాని ముఖ్య లక్షణాలు. అటువంటి కళలో ఉన్నవాడు పాటవైపు మళ్లడమంటే తన ప్రక్రియ హద్దును దాటడమే. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, టాలహాసీ నగరానికి చెందిన నల్లజాతి కళాకారుడు టి-పెయిన్ 2005 డిసెంబరులో వెలువరించిన తొలి ఆల్బమ్ ‘రప్పా టర్న్‌ట్ సాంగా’ ఆ దాటడాన్నే పేరుగా పెట్టుకుంది. ‘గాయకుడిగా మారిన ర్యాపర్’ అని దాని అర్థం. ఇందులో ఆయన గొంతును వినిపించే తీరులో ‘ఆటో-ట్యూన్’ అనే సాఫ్ట్‌వేర్‌ది ప్రధాన పాత్ర. పాడటం రానివారి లోపాన్ని కప్పిపుచ్చే సాధనమని దానికి అపకీర్తి ఉంది. ఈ ఆల్బమ్‌లో మాత్రం దిద్దుబాటు సాధనమే దిద్దుబాటును ప్రశ్నించే ఉపాయమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వర్ణక్రమం – స్వరస్థానం

ఆల్బమ్ పేరులోని మూడు పదాలూ ప్రామాణిక ఆంగ్ల వర్ణక్రమంలో లేవు. నల్లజాతివారి వాడుక ఉచ్చారణను అవి అచ్చులోకి తెచ్చాయి. వ్యావహారిక భాషోద్యమ చరిత్ర తెలిసిన పాఠకులకు ఇది కేవలం చిలిపితనంగా తోచదు. ఒక పలుకును ‘తప్పు’ అనేముందు ఎవరి పలుకు ప్రమాణమన్న ప్రశ్న ఉంటుందని మనకు తెలుసు.

ఆటో-ట్యూన్ కూడా ప్రమాణానికి సంబంధించినదే. చమురు అన్వేషణలో భూగర్భ తరంగాల విశ్లేషణపై పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ దీని రూపకర్త. 1997లో ఇది విడుదలైంది. పాడినవారి స్వరం ఎంచుకున్న స్థాయిలో నిలవకపోతే సమీప స్వరస్థానానికి దాన్ని జరుపుతుంది. నెమ్మదిగా జరిపితే శ్రోతకు తెలియదు. తక్షణం జరిపితే స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే సహజమైన జారు మాయమై, గొంతు మెట్లుమెట్లుగా వినిపిస్తుంది. 1998లో గాయని షేర్ ‘బిలీవ్’ పాటలో ఈ ధ్వని ప్రపంచానికి పరిచయమైంది. గమకంలో భావాన్ని వెతికే మన శ్రవణ సంస్కారానికి ఇది నష్టంగానే తోస్తుంది. అయితే టి-పెయిన్ దిద్దుబాటును దాచలేదు, బహిరంగపరిచాడు. అక్షరాన్ని దిద్దనివ్వని కళాకారుడు గొంతును అతిగా దిద్దుకోవడంలో వైరుధ్యం లేదు. ఏది దిద్దాలో, ఎంత దిద్దాలో తానే నిర్ణయిస్తానన్న పట్టుదల రెండింటిలోనూ ఒకటే.

దైన్యానికి దొరికిన గొంతు

ఈ ఎంపిక ఫలితం ‘ఐయామ్ స్ప్రంగ్’ పాటలో స్పష్టం. ప్రేమలో చిక్కి గిన్నెలు కడిగే స్థితికి వచ్చానని అందులోని నాయకుడు ఒప్పుకుంటాడు. ఆత్మశ్లాఘ సంప్రదాయంలో ఇది పరాజయ ప్రకటన. యంత్రస్పర్శ ఉన్న గొంతు ఆ మాటను గద్గదం కానివ్వదు, జాలి కోరనివ్వదు. తోలుబొమ్మ తెర బొమ్మలాటకు అవసరమైనట్టే ఈ ముసుగు ఆ ఒప్పుకోలుకు అవసరమైంది.

పరిమితి కూడా గమనించాలి. నర్తకిపై మోహాన్ని చెప్పే ‘ఐయామ్ ఇన్ లవ్ విత్ ఎ స్ట్రిప్పర్’ పాటలో నాయకుడి నిస్సహాయతకు రాగం దక్కింది. ఆమెకు మాట దక్కలేదు. ఆమె చూపుకు విషయంగానే మిగిలింది. పురుషుడి దైన్యం పురుషాధిక్యాన్ని రద్దు చేయదనడానికి ఇదొక నిదర్శనం.

ముగింపు

2008లో కాన్యే వెస్ట్ ‘808స్ అండ్ హార్ట్‌బ్రేక్’ ఆల్బమ్‌లో ఇదే మార్గం పట్టాడు. 2009లో జే-జీ ఆటో-ట్యూన్‌కు మరణం ప్రకటిస్తూ ఏకంగా పాటే చేశాడు. 2014లో ఎన్‌పీఆర్ రేడియో ‘టైనీ డెస్క్’ కచేరీలో టి-పెయిన్ ఆ సాధనం లేకుండా పాడినప్పుడు, ఆయనకు నిజంగా పాడటం వచ్చునని శ్రోతలు ఆశ్చర్యపోయారు. ఈ మెచ్చుకోలులో ఒక పొరపాటు ఉంది. ముసుగు లేని గొంతే నిజమని, తొలి ఆల్బమ్ గొంతు నటన అని అది ముందే తీర్మానించుకుంది. ఆత్మాశ్రయ కవిత్వంలోని ‘నేను’ కూడా నిర్మితమేనని అంగీకరించే సాహిత్య విమర్శ, గొంతు విషయంలో వేరే కొలత పట్టడం సమంజసం కాదు. 2005 నాటి ఆ గొంతు టి-పెయిన్ తానుగా ఎంచుకున్న గొంతు. దాని యోగ్యతను నిర్ణయించడానికి మరో గొంతు సాక్ష్యం అవసరం లేదు.