కాశీలో వదిలిన కాకరకాయ

హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, కొండాపూర్ ఫ్లాట్‌లో అల్మరాలు సర్దుతూ నా చేతికో పుస్తకం ఇచ్చింది. ఇల్లు సర్దుకోవడం మీద జపాన్ ఆవిడ మేరీ కొండో రాసింది. 2014లో ఇంగ్లీషులోకి వచ్చింది. 2019లో ఆవిడ నెట్‌ఫ్లిక్స్‌లోనూ కనిపించింది. ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకుని, ‘ఇది నాకు సంతోషం ఇస్తోందా?’ అని అడగాలట. లేదంటే, దానికి కృతజ్ఞత చెప్పి సాగనంపాలట.

ఆ కృతజ్ఞత నాకు నచ్చింది. ఆయుధపూజనాడు కత్తిపీటకీ బొట్టుపెట్టే వాళ్ళం కదూ మనం! పేచీ అల్లా ఆ ప్రశ్నతోనే. ఇష్టమైనది ఉంచుకుని, లేనిది పారేస్తే ఇల్లు తేలికపడుతుంది సరే, మనసో? భోగిమంటలో వేసేదీ పాతసామానే. కాశీకి వెళితే మాత్రం ఇష్టమైనదే వదలమన్నారు పెద్దలు. ‘నాది’ అన్న పట్టు సడలాలని. ఈ పుస్తకంలో నాకు దొరకనిది అదే.

నిజం చెప్పొద్దూ, కాశీలో నేను వదిలింది కాకరకాయ. అసలే తినను!

ముగ్గురు పిల్లలయ్యాక మునుపటిలా సర్దలేకపోతున్నానని 2023లో కొండోగారే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ ముందు నాకు సిగ్గేసింది.

మా అత్తగారి పట్టుచీర ఒకటి నా పెట్టెలో ఉంది. వాళ్ళమ్మ గుర్తుగా మా వదిన ఎప్పుడో అడిగితే, ‘చూద్దాంలెండి’ అన్నాను. కొండోగారి ప్రశ్నకి ఆ చీర నెగ్గుతుంది. కాశీ పరీక్షలో నేనే ఓడాను.

పుస్తకం మూసి వదినకి ఫోన్ చేశాను.