లోపల గని, పైన చెరువు

శ్రీప్రకాశ్ తీసిన ‘బుద్ధా వీప్స్ ఇన్ జాదూగోడా’ (1999) డాక్యుమెంటరీని మన యువకులు చూడాలని నేను ఎప్పుడూ అంటుంటాను. జార్ఖండ్‌లో 1967లో మొదలైన యురేనియం గని పక్కన బతికే సంథాల్, హో జనం కథ అది. మంచి సినిమా. అయితే చూసినవాళ్లు "అయ్యో పాపం" అని లేచిపోతేనే నాకు కష్టంగా ఉంటుంది. రేపు ప్రజాభిప్రాయ సేకరణలో మైకు చేతికిస్తే కన్నీళ్లతో ప్రశ్న అడగలేం కదా.

మనకు చెప్పే మాట వేరు: "ఇది భూగర్భ గని, పైన అడవికి ఏమీ కాదు, టెక్నాలజీ మారింది." లంబాపురం, పెద్దగట్టు ప్రతిపాదనలోనూ భూగర్భ గనులున్నాయి. ఈ మాటనే విప్పి చూడాలి.

కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో గని, మిల్లు మొదలయ్యాయి. అక్కడి రాయిలో సున్నం పాలు ఎక్కువ, యాసిడ్ పోస్తే రాయే దాన్ని తాగేస్తుంది. అందుకని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు సోడా ద్రావణంతో, వేడితో, ఒత్తిడితో యురేనియం తీసే పద్ధతి తయారుచేశారు. తెలివైన పనే, కాదనను. కానీ ఆ పరిశోధన రాయిలోంచి సరుకు తీయడానికి. టన్ను రాయి నుంచి అర కిలో యురేనియం కూడా రాదు. మిగిలిందంతా పిండైన రాయి, రసాయనాల నీళ్లు. కొంత పిండిని తవ్విన బొరియల్లో తిరిగి నింపవచ్చు. మిగతాది పైనే, టెయిలింగ్ పాండ్‌లో. రాయిలోని రేడియం కూడా దాంతోపాటే. ఆ రేడియం సగానికి తగ్గాలంటే 1600 ఏళ్లు. అన్నేళ్లు వెనక్కి పోతే కాకతీయులు కూడా పుట్టలేదు! ఆ పాండ్ దగ్గరి ఊళ్ల రైతులు బోరునీళ్లు చెడిపోయాయని ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు.

గని లోపల ఉంటుంది, నిజమే. చెరువు మాత్రం పైనే ఉంటుంది.

2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల సర్వే సంగతి వచ్చినప్పుడు "సర్వేనే కదా" అన్నవాళ్లున్నారు. సర్వే అంటే కాగితం, పెన్నూ కాదు. బోరు బండి, ఆ బండికి బాట, బాట కోసం చెట్లు. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది, మంచిదే. అడవి కింద రాయి మాత్రం అక్కడే ఉంది, అడిగేవాళ్లు మళ్లీ వస్తారు.

ఈ లెక్క క్లాసులో చెప్పినప్పుడు ఒక చెంచు పిల్ల అడిగింది: "సార్, చెరువంటున్నరు గదా, అందులో బర్లు నీళ్లు తాగొచ్చా?" బోర్డు మీద రాసిన "చెరువు" తుడిచేశాను. బదులు ఏం రాయాలో ఆ పూట తోచలేదు.