బుచ్చిలక్ష్మి మిగిలిన ఇల్లు

శ్రీరమణ ‘మిథునం’ను దాంపత్య మాధుర్యానికి మెచ్చుకున్నాం. 2012లో తనికెళ్ల భరణి సినిమాగా తీస్తే మళ్లీ మెచ్చుకున్నాం. అప్పదాసు ముందు పోతాడు. తను ముందు పోతే ఆయన్నెవరు చూస్తారని దిగులుపడ్డ బుచ్చిలక్ష్మికి అదే ఊరట. సరే, ఆ పెరడున్న ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఆమెకు మతిమరుపు ముదిరితే? ఈ ప్రశ్న మన విమర్శకు తట్టలేదు.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. మా పల్నాడు అచ్చంపేట వైపు దాన్ని చాదస్తమని నవ్వేస్తారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ‘ఊరు చూసుకుంటుందిలే’ అంటారు. ఊరంటే ఎవరనుకున్నారు, పక్కింటి కోడలు! ఆమె మిరపకోతలకు వెళ్లే రోజున, ముసలామె దారి తప్పిపోకుండా బయట తాళం వేస్తుంది. లోపల గ్యాసు పొయ్యి ఉంటుంది. మనం భద్రత అంటున్నది ఆ తాళాన్నే.

2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద పిల్లల నుంచి భరణం ఇప్పించవచ్చు. ఆమె తరఫున మరొకరు దరఖాస్తు పెట్టవచ్చు. పొయ్యి ఆపిందో లేదో చూసే మనిషిని మాత్రం ఆ చట్టం ఇవ్వదు.

బుచ్చిలక్ష్మి వండి వడ్డించిన చాకిరీని ప్రేమగా చదువుకున్నాం. ఇప్పుడు తాళంచెవి కొంగున కట్టుకుని, చేలో మిరపకాయలు కోస్తూ ఇంటివైపు పొగ కనిపిస్తుందేమోనని చూసుకునే ఆ కోడలి కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.