ఎండుకొమ్మ మీది నీలం

కెన్యాలోని మసాయి మారాలో నాలుగో రోజు పొద్దున ఓ ఎండుచెట్టు దగ్గర బండి ఆపించాను. రేడియోలో చిరుత కబురు. మిగతా బండ్లన్నీ దుమ్ము లేపుకుంటూ అటే పోయాయి. కొమ్మ చివర లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ ఒక్కటే కూర్చుని ఉంది. మన పాలపిట్టకు దగ్గరి చుట్టం. రొమ్ము లేత వంగపూవు రంగు, పొట్ట లేత నీలం, తోకకు అటూ ఇటూ రెండు సన్నటి పొడవాటి ఈకలు.

అంతకుముందు మూడు రోజులూ ఇదే పిట్ట ఎక్కడ కనిపించినా ఇరవై ఫోటోలు తీసి కదిలిపోయాను. రాత్రి గుడారంలో చూసుకుంటే రంగులన్నీ ఉన్నాయి, అన్నిటిలోనూ పిట్ట బొమ్మలా కూర్చునే ఉంది. అది ఏం చేస్తుందో ఒక్కదాంట్లోనూ లేదు.

అందుకే ఆ రోజు ఇంజన్ ఆపించాను. ఇంజన్ అదురుతుంటే 500 మిల్లీమీటర్ల లెన్సులో పిట్ట కన్ను అలుక్కుపోతుంది. కిటికీ మీద బీన్ బ్యాగ్ పరిచి, లెన్స్ దాని మీద ఆనించి, సూర్యుడు మా వీపు వైపు ఉండేలా చూసుకున్నాం. ఈ పిట్టకు ఎండ ఎదురుగా పడటం చాలా ముఖ్యం. దాని నీలం రంగుపొడి వల్ల వచ్చింది కాదు. ఈకలోని అతిసూక్ష్మమైన అల్లిక వెలుతురును చెదరగొడితే పుట్టే నీలం అది. వెనక నుంచి ఎండ పడితే ఆ నీలమంతా నల్లబడిపోతుంది.

ఇక గాలి సంగతి. పిట్ట గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే వాలుతుంది. గాలి మన వీపును తాకుతుంటే పిట్ట మొహం మన వైపే ఉంటుంది. లేవబోయే ముందు ఒళ్లు కాస్త ముందుకు వంచుతుంది, చాలాసార్లు రెట్ట వేస్తుంది. ఆ క్షణానికి వేలు బటన్ మీద ఉండాలి. షట్టర్ స్పీడు సెకనులో 3,200వ వంతు. రోలర్ నేల మీదికి దూకి మిడతను పట్టి, తరచూ అదే కొమ్మకు వస్తుంది, కొమ్మకేసి బాది మింగుతుంది. రెండుసార్లు చూస్తే మూడోసారి ఎక్కడ వాలుతుందో తెలిసిపోతుంది.

ఇంతలో మరో బండి వచ్చి ఆగింది. అందులోంచి ఒకరు పిట్ట లేవాలని తలుపు మీద దబదబా చరిచారు. పిట్ట బెదిరి ఎగిరిపోయింది. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. బెదిరిన పిట్ట మనకు తోక చూపిస్తూ పోతుంది, ఫోటోకైనా పనికిరాదు. దాని వేటా పోతుంది. నాకు చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది. అప్పట్లో వరంగల్‌లో దసరా నాడు మా వీధిలోకి పాలపిట్టను బోనులో పెట్టి తెచ్చేవారు. చూస్తే శుభమని నాన్న పది రూపాయలిచ్చేవారు. రెక్కలు కట్టేసి ఉండేవి. అలా పట్టి బంధించడం నేరమే, 1972 వన్యప్రాణి చట్టం అప్పటికే ఉంది. ఆ రెక్కలు విప్పితే ఎంత నీలమో నాకు చాలా ఏళ్లదాకా తెలియదు.

ఆ బండి వెళ్లిపోయింది. ముప్పావు గంటకు పిట్ట మళ్లీ అదే కొమ్మకు వచ్చింది. దాని వెంట ఇంకొకటి. మొదటిది ఒక్కసారిగా నిట్టనిలువుగా ఎగిరి, కర్కశంగా అరుస్తూ, అటూ ఇటూ దొర్లుతూ కిందికి దూకింది. రోలర్ అన్న పేరు ఆ దొర్లడం వల్లే వచ్చింది. పదకొండు ఫ్రేములు తీశాను, పదింట్లో ఆకాశమే ఉంది. మిగిలిన ఒక్కదాంట్లో పిట్ట పక్కకు ఒరిగి, వీపు నా వైపు తిప్పి, రెండు రెక్కలూ బార్లా చాపి ఉంది. కన్ను స్పష్టంగా పడింది. అందరూ వెతికే ఆ వంగపూవు రంగు రొమ్ము మాత్రం అందులో కనిపించదు. ఇంట్లో గోడకు తగిలించింది అదే.