జున్నుగాడి వరస

కుక్కపిల్లని తెచ్చుకున్న మొదటి ఆర్నెల్లూ ఇల్లంతా దాని వెంటే తిరుగుతుంది. టీకా ఎప్పుడు, నట్టల మందు ఎప్పుడు, రోజుకి ఎన్నిసార్లు పెట్టాలి అని డాక్టర్ని అడిగిందే అడుగుతారు. ఏడాది దాటాక ఆ శ్రద్ధంతా ఎటు పోతుందో తెలీదు. "పెద్దదైపోయింది కదండీ, దాని పాటికి అది పడుంటుంది" అంటారు. నన్నడిగితే అసలు పని అప్పుడే మొదలవుతుంది. మధ్యరకం కుక్క పన్నెండు, పదమూడేళ్లు బతికితే అందులో పిల్లచేష్టల కాలం ఒకటి రెండేళ్లే. మిగతాదంతా రోజువారీ కాపురం.

మా జున్నుగాడు నాటు కుక్క, ఐదేళ్లవాడు. గడియారంతో వాడికి పనిలేదు, వరస కావాలి. ఆదివారం నేను గంట ఆలస్యంగా లేచినా ఊరుకుంటాడు. లేచాక మాత్రం ముందు నడక, తర్వాత గిన్నె, ఆ తర్వాత బాల్కనీలో నిద్ర. ఇది తిరగబడితే ఆ పూటంతా నా కాళ్లకి అడ్డం పడుతూనే ఉంటాడు. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ అందుకున్న పావ్లోవ్ తన కుక్కల్లో గమనించింది కూడా ఇలాంటిదే. తిండి నోటికి అందకముందే, అది వస్తోందన్న గుర్తుకే వాటికి నోరూరేది. మా ఇంట్లో ఆ గుర్తు కుక్కర్ విజిల్. విజిల్ తర్వాత ఒకరోజు గిన్నె వచ్చి, మర్నాడు రాకపోతే వాడు మొరుగుతాడు. దాన్ని మనం అల్లరంటాం.

ఇక నడక. మా వీధిలో చాలామంది కుక్కని నడిపించరు, లాక్కెళ్తారు. ఒక చేతిలో బెల్టు, ఇంకో చేతిలో ఫోను. అది కరెంటు స్తంభం దగ్గర ఆగగానే "పద పద" అని ఒక గుంజు. ఆ స్తంభం దగ్గర దానికి ఎంత పని ఉంటుందో! ఇటుగా వెళ్లింది మగదా ఆడదా, తెలిసినదా కొత్తదా అన్నదంతా ముక్కుతోనే తేల్చుకుంటుంది. జున్నుగాడు తీరిగ్గా వాసనలు చూసుకుంటూ సందు చివరిదాకా వెళ్లొచ్చిన రోజు ఇంట్లో హాయిగా పడుకుంటాడు. నా తొందర కొద్దీ పెద్ద రోడ్డంతా తిప్పుకొచ్చిన రోజు ఇల్లు పీకి పందిరేస్తాడు. అందుకే పొద్దుటి నడకలో దారి వాడిది, సాయంత్రం నాది అని ఒప్పందం.

ఈ ఒప్పందాన్ని ఎండాకాలం మార్చేస్తుంది. విజయవాడలో రోహిణి కార్తె ఎండల్లో పొద్దెక్కితే నడక మాట ఎత్తకూడదు. కుక్కకి చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే. ఒళ్లు చల్లబడాలంటే రొప్పాలి, నాలుక మీది తడి ఆరాలి. మన కోస్తా ఉక్కపోతలో ఆ తడి త్వరగా ఆరదు. ఎంత రొప్పినా చల్లబడక వడదెబ్బ కొడుతుంది. తారు రోడ్డు మీద మన అరచేతిని కాసేపు ఆనించలేకపోతే దాని పాదాన్నీ అక్కడ పెట్టించకూడదు. ఆ రోజుల్లో తెల్లవారకముందు ఒకసారి, బాగా చీకటి పడ్డాక రోడ్డు చల్లారిందో లేదో చూసుకుని ఇంకోసారి. మధ్యాహ్నం నీడలోనే, పక్కన నీళ్ల గిన్నెతో.

తిండి దగ్గర మా అమ్మతో నాకు రోజూ యుద్ధమే. రెండు పూటలూ కొలిచి పెడితే చాలంటే "ముద్ద కోసం కళ్లలోకి చూస్తుంటే ఎలా తింటార్రా" అంటుంది. తాలింపు లేని పెరుగన్నం ఒక ముద్ద పెడితే నేనూ చూడనట్టు ఊరుకుంటాను. కూర కలిపిన అన్నం మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్ర కణాలని దెబ్బతీస్తాయి, మన కూరలో అవి లేని రోజుండదు. ఉడికిన ఎముకలు పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. పైఫ్లాట్‌లోని లాబ్రడార్ ఎంత పెట్టినా ఆకలే అంటుంది. దాన్నీ తప్పుపట్టలేం. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకి కడుపు నిండిన సంగతి మెదడుకి సరిగ్గా చేరనివ్వని జన్యులోపం ఉందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో తేల్చారు. కాబట్టి దాని కళ్లని నమ్మకండి, పక్కటెముకలని తడిమి చూడండి. కళ్లకి కనబడకుండా చేతికి తగులుతుంటే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు. తిన్న వెంటనే పరుగులు పెట్టించొద్దు. ఛాతీ లోతుగా ఉండే జర్మన్ షెపర్డ్‌లాంటి పెద్ద జాతులకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ, అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

సాయంత్రం నడకయ్యాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకడం, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కిందికి తీసుకెళ్లడం. ఇవి అలవాటైతే పెద్ద పనులేం కావు. మిగతా సమయంలో వాడు నిద్రపోతాడు. పెద్ద కుక్క రోజులో సగానికి సగం పడుకునే ఉంటుంది, విసుగొచ్చిందేమో అని లేపక్కర్లేదు.

సంక్రాంతికి ఊరెళ్తూ కుక్కని ఎవరికైనా అప్పగిస్తుంటే, తిండి సంచీతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. పొద్దుట లేచింది మొదలు రాత్రి దాకా దాని వరసేమిటో, ఏం పెట్టకూడదో, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో, డాక్టర్ నంబరేమిటో అందులో రాయండి. రాయడానికి కూర్చుని ఆ టీకా తేదీ గుర్తు రాకపోతే, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లి ఆ తర్వాత బస్సెక్కండి.