నాన్న ఒప్పుకోలేదు

ఈ వారం ఒక సన్మాన సభకు వెళ్ళాను. అలాంటి సభల మీద నా అభిప్రాయం ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు కాబట్టి శాలువాల సంగతీ, అధ్యక్షుల వారి తొలిపలుకుల సంగతీ వదిలేస్తాను. నాకు కోపం తెప్పించింది ఒక్క వాక్యం. విదేశాంగ సర్వీసులో చేరి, మొదటి పోస్టింగు ముగించుకుని సెలవు మీద ఊరికొచ్చిన మా స్నేహితుడి కూతురికి ఆ సన్మానం. స్నేహితుడు ఇప్పుడు లేడు. వక్తల్లో ఒకాయన గొంతు తగ్గించి, "వాళ్ళ నాన్నగారు పైనుంచి చూసి ఎంత గర్వపడుతుంటారో!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి తల వంచుకుంది.

భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని అడిగింది: "బాబాయ్, నాన్న ఒప్పుకోకుండానే పోయారు. నేనెంత చెప్పినా ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆయనెవరో మైకు ముందు నిలబడి ఒక్క ముక్కలో ఎలా ఒప్పించేశారు?"

నిజమే. మావాడు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాడు. కాలువ, తూము, లాకు, ఎకరం. కొలవగలిగితేనే అతని లెక్కలో పని. కూతురు ఐఏఎస్‌కు సరిపోయే ర్యాంకు తెచ్చుకుని ఐఎఫ్‌ఎస్ కోరుకుంటే అతను చాలా రోజులు ఆ అమ్మాయితో సరిగ్గా మాట్లాడలేదు. "కలెక్టరైతే ఒక్క చెరువుకైనా పూడిక తీయించేది. తీర్మానాలు రాసి ఎవరి పొలం తడుపుతుంది?" అని నాతో అన్నాడు. మన ఇళ్ళలో కలెక్టరు ఉద్యోగం మీద ఉండే మోజుకూ ఈ మాటకూ సంబంధం లేదు. కారు కోసమో బంగళా కోసమో అన్న మాట కాదిది. జీవితమంతా ఒక పని చేసి, ఆ పని మీద నమ్మకంతో ఒక తండ్రి వేసిన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలి గానీ దాన్ని తుడిచేసే హక్కు ఆ వక్తకు ఎవరిచ్చారు?

పోయినవాళ్ళ అభిప్రాయాలను మనం మార్చేస్తున్నామని ఇదివరకు కూడా రాశాను. సంస్మరణ సంచికలు తిరగేయండి. అందులో తండ్రులందరూ పిల్లలను చూసి మురిసిపోయినవాళ్ళే. కులాంతర వివాహం చేసుకున్నందుకు గుమ్మం తొక్కనివ్వని తండ్రి, సంచికలో అభ్యుదయవాది అవుతాడు. కొడుకు కవిత్వాన్ని ఎన్నడూ చదవని తండ్రి, సంచికలో తొలి శ్రోత అవుతాడు. చనిపోయిన మనిషి ఏమనుకున్నాడో దాన్ని అలాగే ఉంచడం అతనికి మనం ఇవ్వగల కనీస మర్యాద. ఆ అమ్మాయికి ఈ మాటే చెప్పి, హామర్‌షోల్డ్ గురించి చదవమన్నాను. ఇంటికొచ్చాక నేనూ మళ్ళీ చదివాను.

డాగ్ హామర్‌షోల్డ్ మనవాళ్ళకు పోటీ పరీక్షల పుస్తకాల్లోంచి తెలుసు. పదవిలో ఉండగా మరణించిన ఒకే ఒక్క ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి, మరణానంతరం 1961 నోబెల్ శాంతి బహుమతి. ఈ రెండు బిట్లతో ఆగిపోతాం. ఆయన వెనక ఒక తండ్రి ఉన్నాడు.

ఆ తండ్రి యాల్మర్ హామర్‌షోల్డ్ న్యాయకోవిదుడు, అంతర్జాతీయ న్యాయాన్ని మతంలా నమ్మినవాడు. 1907 హేగ్ శాంతి సమావేశానికి స్వీడన్ ప్రతినిధిగా వెళ్ళాడు. 1914 నుంచి 1917 వరకు స్వీడన్ ప్రధాని. మొదటి ప్రపంచ యుద్ధంలో దేశాన్ని తటస్థంగా నిలబెట్టాడు. ఆ తటస్థతను అక్షరం కూడా సడలించనన్నాడు. బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం ముసాయిదా సిద్ధమై వస్తే తిప్పికొట్టాడు. దిగుమతులు సన్నగిల్లాయి, తిండికి కటకట వచ్చింది. జనం ఆయన ఇంటిపేరులో 'ఆకలి' అనే మాట కలిపి పిలిచారు. 1917 మార్చిలో పదవి వదిలి, ఉప్సలా కోటలోని గవర్నరు నివాసానికి వెళ్ళిపోయాడు.

ఆ కోటలో పెరిగిన నలుగురు కొడుకుల్లో చిన్నవాడు డాగ్. తండ్రి దిగిపోయేనాటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. 1959లో, ప్రపంచమంతా ఆయన పేరు తెలిసిన రోజుల్లో, తన డైరీలో బుల్లి హైకూలు రాసుకున్నాడు. వాటిలో ఒకటి చెంపదెబ్బ తిన్న ఒక పిల్లవాడి గురించి. తండ్రి పేరంటే జనానికి ఎంత అసహ్యమో ఆ పిల్లవాడికి ఆ దెబ్బతో తెలిసింది. నలభై ఏళ్ళు దాటినా ఆ మంట తగ్గలేదు.

తండ్రి కోసం బయట దెబ్బ తిన్న కొడుక్కి ఇంట్లో ఆ తండ్రి మెప్పు మాత్రం సులువుగా దొరకలేదు. యాల్మర్ దూరంగా ఉండే మనిషి, కర్తవ్యం తప్ప మరో భాష తెలియని మనిషి అని జీవిత చరిత్రలు రాసినవాళ్ళు చెబుతారు. కొడుకు అర్థశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు, ముప్పై ఒకటో ఏటనే ఆర్థికశాఖ ఉన్నతాధికారి అయ్యాడు. అది సోషల్ డెమోక్రాట్ల ప్రభుత్వం, సంక్షేమ రాజ్యాన్ని కడుతున్న ప్రభుత్వం. సంప్రదాయవాది అయిన తండ్రికి సరిపడే రాజకీయం కాదు. 1953 ఏప్రిల్‌లో కొడుకు ఐరాస ప్రధాన కార్యదర్శి అయ్యేనాటికి తండ్రికి 91 ఏళ్ళు. అక్టోబరులో పోయాడు.

ఆ తరువాత జరిగింది ఏ నవలాకారుడూ ఊహించలేడు. స్వీడిష్ అకాడమీలో తండ్రి ఖాళీ చేసిన కుర్చీకి కొడుకునే ఎన్నుకున్నారు. కొత్త సభ్యుడు తనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడి గురించి మాట్లాడాలని అక్కడి ఆచారం. అంటే సొంత తండ్రి మీద, నిండు సభలో, సంస్మరణ ప్రసంగం. 1954 డిసెంబరు 20న స్టాక్‌హోమ్‌లో ఆ ప్రసంగం చేశాడు. జనాదరణ కోసం నమ్మకాన్ని వదులుకోని న్యాయకోవిదుడిగా తండ్రిని నిలబెట్టాడు. అందులో కొడుకు గొంతు కన్నా, ఒక ప్రభుత్వ సేవకుణ్ణి మరో ప్రభుత్వ సేవకుడు అంచనా కట్టే గొంతే నాకు ఎక్కువగా వినిపిస్తుంది. మన సంచికలకు వ్యాసాలు రాసేవాళ్ళు ఆ నిగ్రహాన్ని నేర్చుకోవాలని చాలాకాలంగా నా కోరిక.

ఆ స్టాక్‌హోమ్ ప్రయాణంలోనే ఆయన చేతిలో ఇంకో పని ఉంది. కొరియా యుద్ధంలో కూలిన విమానంలోని 11 మంది అమెరికన్ సైనికులను చైనా గూఢచారులని శిక్షించి జైల్లో పెట్టింది. ఐరాస సర్వసభ్య సభ చైనాను ఖండిస్తూ తీర్మానం చేసి, వాళ్ళను విడిపించమని ప్రధాన కార్యదర్శికి చెప్పింది. కమ్యూనిస్టు చైనాకు అప్పటికి ఐరాసలో చోటే లేదు. తమను తిట్టిన తీర్మానం పట్టుకుని వచ్చేవాడితో వాళ్ళెందుకు మాట్లాడతారు? హామర్‌షోల్డ్ ఆ తీర్మానాన్ని పక్కనపెట్టాడు. ఐరాస చార్టరు తన పదవికిచ్చిన అధికారంతో వస్తానని చైనా ప్రధాని చౌ ఎన్‌లైకి తంతి పంపాడు. స్టాక్‌హోమ్‌లో చైనా రాయబారిని విడిగా కలిశాడు. ఢిల్లీలో ఆగి నెహ్రూను చూసి, 1955 జనవరిలో పెకింగ్ వెళ్ళాడు. నాలుగైదు రోజుల మాటల తరువాత ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. అమెరికాలో ఎగతాళి చేశారు. ఆయన నోరు మెదపలేదు. ఆగస్టు మొదట్లో, ఆయన యాభయ్యో పుట్టినరోజు వెళ్ళిన రెండు మూడు రోజులకు, 11 మందీ విడుదలయ్యారు.

మావాడు కొలత అడిగాడు కదా. ఇదిగో కొలత, పదకొండు ప్రాణాలు. తీర్మానం రాయడం వల్ల కాదు, తీర్మానాన్ని ఎప్పుడు జేబులోంచి తీయకూడదో తెలియడం వల్ల. దౌత్యమనే పనిలో ఇంత స్పష్టంగా లెక్క తేలే సందర్భాలు అరుదు. అందుకే ఆ అమ్మాయికి ముందు ఈ కథే చెప్పాను.

ఇక ఆయన డైరీ. న్యూయార్క్ ఇంట్లో, ఆయన పోయాక దొరికింది. 1963లో స్వీడిష్‌లో అచ్చయింది. పెకింగ్ లేదు, సూయెజ్ లేదు, ఒక్క దేశాధినేత పేరు లేదు. అన్నీ తనతో తాను, దేవుడితో తాను జరుపుకున్న సంప్రదింపులే. ఐరాసకు వెళ్ళకముందు రెండు మూడేళ్ళ పుటలు చదివితే భయం వేస్తుంది. ఇంత ఒంటరితనంతో, బతుకుకు అర్థముందా అన్న ఇంత సందేహంతో ఈ మనిషి పొద్దున్నే లేచి ఆఫీసుకు ఎలా వెళ్ళాడా అనిపిస్తుంది. అది అచ్చయినప్పుడు స్వదేశంలోనే కొందరు దాన్ని అహంభావమన్నారు. నాకలా అనిపించదు. మెచ్చుకోని న్యాయమూర్తి ముందు పెరిగినవాడు ఎవరూ చూడనప్పుడు కూడా సాక్ష్యం చెప్పుకుంటూనే ఉంటాడు. తండ్రి పోయాక ఆ బోనులోంచి దిగిపోవచ్చు, ఆయన దిగలేదు.

ఇక్కడ నా పాత పాట ఒకటి పాడక తప్పదు. ప్రతి అధికారి జేబులో రాజీనామా పత్రం సిద్ధంగా ఉండాలని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు వాదించాను. హామర్‌షోల్డ్ దగ్గర ఆ వాదన తడబడుతుంది. 1960 అక్టోబరు 3న సోవియట్ నేత క్రుశ్చేవ్ సర్వసభ్య సభలో హామర్‌షోల్డ్‌ను దిగిపొమ్మన్నాడు. ఆయన ఆనాడే జవాబిచ్చాడు. దిగిపోవడం తేలికని, ఉండడమే కష్టమని, ఐరాస అవసరం పెద్ద దేశాలకన్నా మిగతా దేశాలకే ఎక్కువని, ఆ దేశాలు కోరినంతకాలం ఉంటానని చెప్పాడు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తండ్రి దిగిపోయిన చోట కొడుకు నిలబడ్డాడని, ఆ గొప్ప ఘట్టంతో ఆ అమ్మాయికి నేను చెప్పాలనుకున్న మాట పూర్తవుతుందని అనుకున్నాను. తండ్రి కాదన్నదాన్ని అలాగే గౌరవంగా ఉంచి, నీ దారిన నువ్వు నడువు. ఇంతే.

కానీ కాంగో అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి ఆ మాట నిలవలేదు.

1960 జూన్ 30న కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది. రోజుల్లోనే సైన్యం తిరగబడింది, బెల్జియం సేనలు దిగాయి, గనులున్న కటాంగా విడిపోయానంది. ప్రధాని లుముంబా ఐరాసను పిలిచాడు. సేనలు వెళ్ళాయి. కటాంగా మీదకు రండని లుముంబా అడిగితే హామర్‌షోల్డ్ ఒప్పుకోలేదు. దేశ అంతర్గత తగాదాలో ఐరాస ఏ పక్షమూ వహించదన్నాడు. న్యాయం ప్రకారం పక్కా మాట. సెప్టెంబరులో లుముంబాను పదవి నుంచి తోసేశారు, కల్నల్ మొబుటు సైన్యంతో పగ్గాలు పట్టాడు. లుముంబా ఇంటి చుట్టూ ఐరాస కాపలా. నవంబరు చివర ఆయన తప్పించుకుని దారిలో దొరికిపోయాడు. అడ్డుపడమని ఐరాస సైనికులకు ఆదేశం లేదు. 1961 జనవరి 17న కటాంగాలో ఆయనను చంపేశారు. ఆ రోజుల్లో కాంగోలో హామర్‌షోల్డ్ ప్రత్యేక ప్రతినిధిగా మన రాజేశ్వర్ దయాళ్ ఉన్నాడు. ఆయన రాసిన పుస్తకం విదేశాంగ సర్వీసులో చేరే ప్రతి పిల్లా పిల్లవాడూ చదవాలి.

ఈ భాగం చదువుతుంటే నాకు 1917 కనిపించింది. అక్షరం సడలించని తటస్థత. కాగితం మీద మచ్చలేని చట్టం. దాని బరువు మాత్రం వేరేవాళ్ళ మీద. అప్పుడు రొట్టె లేని జనం మీద, ఇప్పుడు లుముంబా మీద. పెద్ద దేశాలు రెండు వైపులా లాగుతుంటే ఆయనకు ఉన్న ఏకైక ఆధారం చార్టరే. అది నాకు తెలుసు, పెద్ద దేశాల పాపాన్ని ఆయన మీద వేయను. కానీ ఆ తటస్థత ఆయన ఎంచుకున్నదా, లేక ఉప్సలా కోటలో చిన్నప్పుడే చేతికి అలవాటైనదా? తండ్రి తీర్పును మర్యాదగా, ముట్టుకోకుండా ఉంచుకున్న కొడుకు, తెలియకుండానే ఆ తీర్పు ప్రకారం నడిచాడేమో. పోయినవాళ్ళ మాటను అలాగే ఉంచాలని ఇన్నాళ్ళూ చెప్పిన నేను ఇక్కడ ఆగిపోయాను. ఉంచితే చాలదు. దానితో తగాదా పడుతూనే ఉండాలి, ఆ మనిషి ఎదుట కూర్చుని వింటున్నట్టే.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. "మీ నాన్న అడిగిన ప్రశ్నను సన్మాన సభ వాళ్ళకు వదలకు. నువ్వూ పటం కట్టి గోడకు తగిలించకు. ప్రతి పోస్టింగులోనూ ఎవరి పొలం తడిసిందని నిన్ను నువ్వు అడుగు. తడవకపోతే ఒప్పుకో. ఆయన కొలబద్ద నీ పనికి సరిపోదనిపించిన చోట ఆయన్ని ఎదిరించు." కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది: "హామర్‌షోల్డ్ ఎదిరించాడా బాబాయ్?"

చివరికి ఎదిరించాడనే అనుకుంటున్నాను. 1961 సెప్టెంబరులో కటాంగాలో ఐరాస సేనలకూ అక్కడి వేర్పాటు నేత చోంబే బలగాలకూ పోరు మొదలైంది. ఐర్లండ్ సైనికుల దళం ఒకటి ముట్టడిలో చిక్కి లొంగిపోయింది. న్యూయార్క్‌లో కూర్చుని చార్టరు తనవైపే ఉందని ప్రకటనలు ఇస్తూ ఉండవచ్చు. తండ్రి అయితే అలాగే ఉండేవాడేమో. కొడుకు కాల్పులు ఆపించడానికి, తన సేనలు ఎవరితో పోరాడుతున్నాయో ఆ చోంబేతోనే మాట్లాడడానికి, అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ తప్పుపడతారని తెలిసీ, సెప్టెంబరు 17 సాయంత్రం లియోపోల్డ్‌విల్‌లో విమానం ఎక్కాడు. అర్ధరాత్రి దాటాక అది ఎన్‌డోలా దగ్గర అడవిలో కూలింది. అందులో ఉన్న 16 మందిలో ఒక్కరూ బతకలేదు. కూలిందా, కూల్చారా అన్న విచారణను ఐరాస ఈ శతాబ్దంలో కూడా మళ్ళీ తెరవాల్సి వచ్చింది. క్రుశ్చేవ్‌కు ఇచ్చిన జవాబును అందరూ తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ ప్రయాణమే పెద్దది. ముసాయిదా తిప్పికొట్టి ఇంటికి వెళ్ళిపోయిన తండ్రి కొడుకు, సరైన పక్షాన ఉన్నానన్న తృప్తిని వదులుకుని, ఎదుటివాడి దగ్గరకు తనే బయల్దేరాడు.